తిరగేసిన దండయాత్ర పటం

మా ఆవిడ బడిలో చరిత్ర చెబుతుంది. నేను దర్జీని. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఆవిడ చెప్పిన దండయాత్రలన్నీ ముందు మా ఇంట్లోనే జరిగాయి. భోజనాల దగ్గర నీళ్ళ గ్లాసు కోట అవుతుంది, నా కంచం కొండ అవుతుంది. తినేవాడొకడు ఎదురుగా ఉన్నాడన్న ధ్యాసే ఉండదు మహాతల్లికి.

ఆవిడకు ఇష్టమైన పాఠం ఒకటుంది. మూడు వందల యేళ్ళ కిందట తూర్పు కొండలు దాటి ఒక సైన్యం వచ్చి, పడమట రేవు పట్నం దాకా దారిలోని ఊళ్ళన్నీ పట్టుకుంది. ఆ దారి పటం తరగతిలో నేల మీద పరిచి, నా కొట్లో మిగిలిన గుండీలు పిల్లలకు తలా ఒకటి ఇస్తుంది. "ఇదిగో, ఈ ఊరు నీది" అంటుంది. సైన్యం వస్తే ఏం చేస్తారో ఆ ఊరివాళ్ళే చెప్పుకోవాలి. గదిలోకి ఎవరొచ్చినా గుండీ పట్టాల్సిందే. హెడ్మాస్టరు ఇప్పటికి రెండుసార్లు ఊరు పోగొట్టుకున్నాడు.

ఈ యేడు ఆ పాఠానికి గండం వచ్చింది. నాలుగు రోజుల పాఠాన్ని నోట్సు చెప్పి ఒక్క గంటలో ముగించాలని పైనుంచి ఉత్తర్వు. తనిఖీ అధికారి చూసి సరేనంటే సరి, లేదంటే పటం అటకెక్కుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, పాత కాగితం పటం మడతల దగ్గర చిరిగిపోయింది. ఆవిడ రెండు రోజులు ముద్ద సరిగా ముట్టలేదు. చూడలేక, "గుడ్డ మీద కుట్టి పెడతాలే, దిగులు పడకు" అన్నాను.

కుట్టాను. కొండలకు గోధుమరంగు దారం, నదికీ వాగులకూ నీలం, సైన్యం దారికి ఎరుపు. తనిఖీ రోజు నేనే మోసుకెళ్ళి తరగతిలో పరిచాను. ఆవిడ మొహం పాలిపోయింది.

ముందు వరసలో ఒక పిల్ల, "టీచర్, కొండలు పడమటికి పోయాయి! రేవు పట్నం తూర్పున ఉంది!" అంది.

తప్పు నాదే. దర్జీ చేతికి గుడ్డ ఇస్తే సుద్దగీత లోపలి వైపే పడుతుంది. అలవాటు కొద్దీ పటమూ లోపలి వైపే గీసి, అటునుంచే కుట్టేశాను. పైవైపు పరిచేసరికి దిక్కులు తారుమారయ్యాయి. భూమి చీలితే అందులో దూరిపోదామనిపించింది.

అప్పటికే అధికారి గుమ్మంలో ఉన్నాడు.

"ఏం ఫరవాలేదులెండి, ఆ చివర పట్టుకోండి" అంది మా ఆవిడ. ఇద్దరం కలిసి తిరగేశాం. దారపు ముడులు, సుద్ద మరకలు అన్నీ పైకొచ్చాయి గానీ, కొండలు తూర్పుకొచ్చాయి.

అధికారికీ గుండీ ఇచ్చారు. గడియారం చూసుకుంటూ పుచ్చుకుని, వాగు పక్కన తన ఊరి మీద పెట్టాడు. తలుపులు బిగించామని ఒకరు, ధాన్యం పాతిపెట్టామని ఒకరు పిల్లలు చెబుతున్నారు. సైన్యం ఎర్రదారం వెంట నడిచి వాగు దాటింది. మా ఆవిడ వంగి ఆయన గుండీ తీసేసింది.

ఆయన కుర్చీలోంచి దిగ్గున లేచాడు. "అదేంటమ్మా? మా ఊరికి ముందే కబురు చెయ్యొద్దా? ఆ పై ఊరివాళ్ళు ఏం చేస్తున్నారు?"

పై ఊరి పిల్ల తల దించుకుంది. "మేమే పంపలేదు సార్. మీ మీదికి పోతే మమ్మల్ని వదిలేస్తారనుకున్నాం."

ఆయన మెల్లగా పిల్లల పక్కన నేల మీద కూర్చున్నాడు.

"రేపు ఈ క్లాసు ఎన్నింటికమ్మా?" అని అడిగాడు.

మా ఆవిడ టైము చెప్పింది. చెబుతూనే ఆయన గుండీ తిరిగి ఆయన చేతిలో పెట్టింది.