థాయ్ హోటల్లో కన్యకమ్మ కారం

మా నాయనమ్మ కన్యకమ్మ బ్యాంకాక్‌లో పుట్టి ఉంటే, అక్కడివాళ్లు కారాన్ని ఆమె పేరుతోనే కొలిచేవారు. ఏం చేస్తాం, వెల్దుర్తిలో పుట్టింది. ముప్పై ఏళ్లు మిరప కల్లాల్లో కూర్చుని, ఎర్రకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరింది. పదో తరగతి రెండుసార్లు తప్పిన నన్ను కూడా తాలులోకే వేసింది.

మొన్న మా అక్క ధరణి మొదటి జీతం అందుకుని, నరసరావుపేటలో కొత్తగా పెట్టిన థాయ్ హోటల్‌కు మమ్మల్ని తీసుకెళ్లింది. వెయిటర్ నాయనమ్మ నెరిసిన జుట్టు చూసి, "బామ్మగారికి కారం లేకుండా చేయిస్తాను" అన్నాడు. కొబ్బరిపాల కూర తెల్లగా వచ్చింది. ఆమె ఒక్క స్పూను తిని గిన్నె పక్కకు నెట్టింది.

"బాలింతకు పెట్టే పథ్యం నాకు తెచ్చావేంది నాయనా?"

బల్ల మీదున్న ఎండుకారం అరచేతిలో పోసుకుని వాసన చూసింది, నాలుకకు రాసుకుంది.

"తొడిమలు తీయకుండా ఆడించారు. తాలు కూడా చానా కలిసింది. మీ వంటాయన్ని అడిగిరా, పో."

వంటాయనే బయటికొచ్చాడు. "నిజమేనమ్మా, ఈసారి సరుకు బాగాలేదు" అని ఒప్పుకుని, పచ్చిమిరపకాయలు నూరి ఇంకో కూర తనే వండి తెచ్చాడు. నాయనమ్మ చెమట చుక్క లేకుండా తింటోంది. నేనూ అందులోంచి ఒక ముద్ద నోట్లో వేసుకుని, "మా నాయనమ్మంటే ఏమనుకున్నారు!" అని హోటలంతా వినబడేలా అరిచాను. అప్పటికే కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

"ఒరేయ్, నా గొప్ప తర్వాత చెబుదువుగానీ, ముందు ముక్కు తుడుచుకో."