మోటారు మీది ఇప్పపూలు

మరకను చూస్తే అది దేనిదో చెప్పగలను. మాది బట్టలు ఉతికే ఇల్లు. ఏది పసుపు, ఏది పండు రసం, ఏది నెత్తురు, ఎవరినీ అడగక్కర్లేదు. ఈ విద్య నాకు రాకపోతే బాగుండేదని మాత్రం ఒక్కసారి అనుకున్నాను.

జడ్చర్ల దగ్గర మా ఊరి దొర మోటారు కొన్నాక దాన్ని కడిగే పని కూడా మా వెట్టిలో కలిసింది. పట్నం నుంచి వచ్చిన డ్రైవరు నడపడమే తన పనంటాడు, గుడ్డ ముట్టడు. మొదటిరోజు నేను అలవాటు కొద్దీ చౌడు కలిపిన నీళ్లు పట్టుకుపోయాను.

"అరె, రంగు లేచిపోతది! ధోతి అనుకున్నవా?" అని డ్రైవరు నవ్వాడు.

తర్వాత పద్ధతి నేర్చుకున్నాను. ముందు నీళ్లు పోసి దుమ్ము పోగొట్టాలి. దుమ్ము ఉండగా రుద్దితే గీతలు పడతాయి. చెట్టు జిగురు ఉంటే పల్లినూనెలో ముంచిన మెత్తటి పాతగుడ్డను దాని మీద పరిచి, నానాక తుడవాలి. చివరికి గోరువెచ్చని కుంకుడు రసం. ఎంత మొండి జిగురైనా సరే, గోరు పెట్టకూడదు.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా నా తమ్ముడు దొర ఉండే గడీలో ఎదురు మాట్లాడాడు. దెబ్బలు తిని, పోలీసు అమీను వచ్చేలోగా పారిపోయాడు. పోతూ పోతూ రేవు దగ్గర ఆగి, అచ్చంపేట అడవి అంచున ఉన్న ఒక పల్లెకు పోతున్నానని నాకొక్కదానికే చెప్పాడు. చిన్నప్పుడు మా అమ్మ మమ్మల్ని ఇప్పపువ్వు ఏరడానికి తీసుకుపోయిన పల్లె అది.

"బావకు గూడ చెప్పకక్కా" అన్నాడు.

నేను మా ఆయనకు చెప్పాను. నాలుగు రోజులుగా తిండి సహించక ఏడుస్తుంటే వీపు నిమిరి అడిగాడు, చెప్పేశాను. మొగుడికి చెప్పడం కూడా బయటపెట్టడమేనని నాకు తోచలేదు.

వారం తిరక్కముందే ఆయన దొర మోటారులో పోయి మర్నాడు మధ్యాహ్నానికి వచ్చాడు. దొర చుట్టాల కోసం స్టేషన్‌లో కాచుకున్నామని, వాళ్లు రానేలేదని అన్నాడు. మోటారు కడగమని నన్ను గడీకి పంపాడు.

పైకప్పు నిండా జిగట. ఎండకు కాలి అట్టకట్టింది. నీళ్లు పోశాను. నూనెగుడ్డ పరిచి, కాసేపాగి ఎత్తితే దానికి ఒక పువ్వు అంటుకుని వచ్చింది. లేత పసుపు రంగు, కండగల పువ్వు. చూడగానే తెలిసినా వాసన చూశాను. మా చుట్టుపక్కల ఎక్కడా ఇప్పచెట్టు లేదు. స్టేషన్ దగ్గర అసలే లేదు.

దొర కిటికీలోంచి చూస్తున్నాడు. ఒక్క రేకు మిగలకుండా అంతా తుడిచాను.

ఇంటికి పోయి ఆ గుడ్డను ఆయన ముందు పడేశాను.

"స్టేషన్ల ఇప్పచెట్టు ఎప్పుడు మొలిచిందయ్యా?"

ఆయన గుడ్డను చూసి తల దించుకున్నాడు.

"నీకు వెట్టి మాఫ్ చేస్తనన్నడు దొర. నీ చేతులు జూడు, ఎట్ల పగిలినయో. నీ కోసమే జేసిన."

"నా తమ్ముడేడి?"

"అమీను కాడ దించినం."

ఒళ్లు మండిపోయింది. నా తమ్ముణ్ణి పట్టిచ్చి, దానికి నా చేతులు సాకు పెడతాడా! డ్రైవరుకు ఆ అడవి దారి తెలియదు. నా వీపు నిమిరిన చెయ్యే అతనికి దారి చూపించింది. ఇక వెట్టి మాఫ్ సంగతంటారా, మర్నాడు పొద్దున్నే గడీ నుంచి కబురు వచ్చింది, మోటారు కడగాలని.

వానలు పడ్డాక తమ్ముణ్ణి వదిలారు. కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు. మా గుమ్మంలో నిలబడ్డాడు, రమ్మన్నా లోపలికి రాలేదు. చెంబుతో నీళ్లిస్తే అందుకోలేదు. నేను మా ఆయన్ను తిట్టడం మొదలుపెట్టాను. స్టేషన్ అబద్ధం, ఇప్పపువ్వు, అన్నీ చెప్పాను. ఇన్నాళ్ల కడుపుమంటా వెళ్లగక్కాను. వాడు అడ్డురాకుండా చివరిదాకా విన్నాడు.

"బావనెందుకు తిడుతవక్కా?" అన్నాడు. "నేను బావకు చెప్పలే. నీకు చెప్పిన."