నీళ్ళు తాగకూడని పడవ

ఈ సంగతి ఇంతకు ముందే రాయవలసింది. నాకు అక్షరాలు రాక రాయలేదు. మా ఆయన బతికున్నంతకాలం వేలిముద్రే వేశాను. ఆయన పోయాక, యాభై ఆరో ఏట, మా అమ్మాయి ఆదివారాలు వచ్చి నాకు పలక పట్టుకోవడం నేర్పింది. అక్షరాలు వచ్చాక కూడా ఏడాది పాటు బస్సుల బోర్డులూ మందుల పేర్లూ చదువుకుంటూ గడిపాను గాని దీని జోలికి రాలేదు. రాస్తే నేను చేసిన పని నా చేతిరాతలోనే నాకు కనబడుతుందని భయం.

మా ఆయన గోదావరి వైనతేయ పాయ ఒడ్డున చెక్క పడవలు కట్టేవాడు. ఫైబర్ పడవలు వచ్చాక ఆ పని పోయింది. తరవాత ఆయన కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు అమలాపురం ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. రోజుకు మూడు గ్లాసులకు మించి నీళ్ళు తాగకూడదన్నారు. ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి గ్లాసుతో కొలుచుకుని తాగుతుంటే చూడలేక, ఆయన ఎదుట నేను కూడా నీళ్ళు తాగడం మానేశాను.

మా అమ్మాయి రాజమండ్రిలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది. అక్కడి సార్లు కొందరు సెలవు రోజుల్లో చెరువులో రిమోటు పడవలతో పందేలు పెట్టుకుంటారట. ఒకసారి ఫోనులో వీడియో చూపించింది. మూరెడు పడవ, బ్యాటరీతో నడిచేది. మన పడవల్లా నీటిని కోసుకుంటూ పోదు. వేగం అందుకోగానే పైకి లేస్తుంది. ముందు భాగంలో అటొకటి ఇటొకటి బుగ్గల్లా ఉన్న రెండు తేలుడు పెట్టెలూ, వెనక తిరిగే ఫ్యానూ, ఆ మూడు చోట్లే నీటిని తాకుతాయి. మిగతాదంతా గాలిలోనే. మా ఆయన ఆ వీడియోను ఎన్నిసార్లు వేయించుకున్నాడో.

"అన్నీ కొన్నవే నాన్నా. చెక్కతో సొంతంగా కట్టినోళ్ళు ఒక్కళ్ళూ లేరు" అంది అమ్మాయి.

"అయితే నేను కడతాను. అదలా లేవడం ఒక్కసారి నా కళ్ళతో చూడాలి" అన్నాడు.

ఆ మరుసటి రోజు నుంచి పగలు మంచం ఎక్కడం మానేశాడు. అప్పడమంత పలచటి ప్లైవుడ్ తెప్పించాడు. పక్కటెముకల్లాంటి అడ్డచెక్కలు కోసి, వాటి మీద ఆ ప్లైవుడ్‌ను జిగురుతో పరిచాడు. ముక్క అంటించినప్పుడల్లా రొయ్యలు తూచే కాటా మీద పెట్టి చూసేవాడు. బరువెక్కితే లేవదట. అడుగు భాగం అద్దంలా చదునుగా ఉండాలట. వేలు పెట్టి నిమిరి, కంటికి కనబడని ఎత్తును కూడా గరుకు కాగితంతో రుద్దేసేవాడు.

ఆయనతో కలిసి పడవలు కట్టిన పక్కింటి అన్నయ్య రోజూ వచ్చి ఆటపట్టించేవాడు.

"ఏం బావా, ఇందులో ఎవర్నెక్కిత్తావేంటి, కప్పనా?"

"నిన్నెక్కిద్దామనే మొదలెట్టాను బావా. నీ పొట్ట చూసి చిన్నది చేసేశాను."

రంగు నేను వేశాను. ఆయన ఎడమ చేతికి డయాలసిస్ కోసం ఆపరేషన్ చేశారు, దాంతో బరువు పట్టకూడదు. కుడి చెయ్యి వణికేది. మొదట ప్రైమరు పూసి, ఆరాక సన్నటి గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, ఆ పైన పసుపు రంగు, బుగ్గలకు ఎర్ర అంచు. పక్కన పీట మీద కూర్చుని ఆయన ఒకటే గొడవ.

"ఏమే, ఇల్లలుకుతున్నావా? పలచగా వెయ్యి. ఒక్కో పూతా బరువే."

"నీ చెయ్యిలా నా చెయ్యి వణకట్లేదు కదయ్యా. ఊరుకో."

"అది నిజమేలే" అని నవ్వాడు. రంగు వేసిన ఆ నాలుగు రోజులూ మేము కొత్తగా కాపురం పెట్టినవాళ్ళలా ఉన్నాం.

రంగు పూర్తయిన రోజు సాయంత్రం అమ్మాయి మోటారు తీసుకుని వచ్చింది. ఒక కాగితం మీద ఏదో రాసి ఆయన పనిచేసుకునే పాక గుంజకు అంటించింది. వాళ్ళిద్దరి మధ్య అలాంటి కాగితాలు మామూలే కాబట్టి నేను అడగలేదు. మర్నాడు ఆయన్ని డయాలసిస్‌కు తనే తీసుకెళ్ళింది. నేను ఇంట్లో ఉండిపోయాను.

మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. కొత్త పడవ మొదట కడుపు నిండా నీళ్ళు తాగాలి. నీళ్ళు నింపి ఒక పూట ముంచి ఉంచితే చెక్క ఉబ్బి, బల్లల మధ్య సందులు మూసుకుంటాయి. అప్పుడే అది పడవ కింద లెక్క. పసుపు కుంకుమ పెట్టి మొదటి చెంబు నీళ్ళు పోయవలసింది కట్టినవాడి భార్య. ముప్ఫయ్యేళ్ళలో మా ఆయన కట్టిన ప్రతి పడవకూ నేనే పోశాను. ఆయన తిరిగి వచ్చేసరికి ఆ పని అయిపోయి ఉంటే సంతోషిస్తాడనుకున్నాను.

తలస్నానం చేసి వచ్చి, సిమెంటు తొట్టిలో నీళ్ళు నింపి, పడవకు బొట్టు పెట్టాను. పైమూత తీసి లోపలికి చెంబుతో నీళ్ళు పోశాను. తేలకుండా పైన రెండు ఇటుకలు పెట్టి ముంచాను. అన్నం వండుకుంటూ మధ్యలో రెండుసార్లు వచ్చి చూసుకుని మురిసిపోయాను కూడా.

వాళ్ళు మధ్యాహ్నం దాటాక వచ్చారు. అమ్మాయి ముందు చూసింది.

"అమ్మా! ఎంత పని చేశావమ్మా! కాగితం అంటించాను కదా!"

అని, అంతలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు చదువు రాదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. దాచి ఉంచిన ఆ కాగితాన్ని అక్షరాలు వచ్చాక నేనే చదువుకున్నాను. "లోపల పూత ఇంకా వెయ్యలేదు. నీళ్ళు తగలనివ్వద్దు" అని ఉంది.

ఆయన పడవను పైకి తీసి నీళ్ళు ఒంపాడు. ప్లైవుడ్ పొరలు ఊడి ఉబ్బిపోయాయి. పసుపు రంగు బొబ్బలెక్కింది. అడుగు మీద వేలు పెట్టి, ఒక చివర నుంచి మరో చివరకు చాలా నెమ్మదిగా నిమిరాడు. నేను తిట్టు కోసం ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"ఇది నీళ్ళు తాగే పడవ కాదే" అన్నాడు చివరికి. "నీకు చెప్పాలని నాకు తట్టలేదు. తప్పు నాదే."

నీడలో వారం ఆరబెట్టాం. అడుగు ఊడదీసి కొత్త ముక్క వేశాడు. కానీ లోపలి అడ్డచెక్కలు అప్పటికే మెలితిరిగాయి, వాటిని మార్చాలంటే మొదటి నుంచి కట్టాలి. అంత ఓపిక ఆయన దగ్గర మిగల్లేదు. పది నిమిషాలు పనిచేస్తే గంట పడుకునేవాడు. ఈ పడవను దింపాలనుకున్న రాజమండ్రి పందెం జరిగిన ఆదివారం ఆయన మంచం దిగలేదు. మళ్ళీ నేనే రంగు వేశాను. ఈసారి ఎన్ని పూతలో ఆయన అడగలేదు.

ఇంకో రెండు వారాలకు, కాస్త తెరిపిగా ఉన్న రోజు చూసి, ఇంటి వెనక కాలవ గట్టు మీద కుర్చీ వేశాం. అమ్మాయి మోటారు బిగించి, బ్యాటరీ పెట్టి, మూతకు చుట్టూ టేపు వేసి నీటిలో వదిలింది. రిమోటు ఆయన చేతిలో పెట్టింది. మీట నొక్కగానే పడవ కుయ్యిమని కదిలింది. పాతిక గజాలు పోయింది. ముక్కు నీటిలో కూరుకుని, కుడి పక్కకు ఒరుగుతూ, ముందు ఇంత నీటిని తోసుకుంటూ పోయింది. తిప్పి తెచ్చి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే. పాత నాటు పడవలా బరువుగా పోయింది. వీడియోలోది నేనూ చూశాను. లేవడమంటే ఏమిటో నాకు తెలుసు.

అమ్మాయి నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. ఆయన నా వైపు తిరిగాడు.

"లేచిందే, చూశావా?"

గట్టు దగ్గరికొచ్చిన పడవను పైకి తీసి, ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడుస్తూ తల వంచుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ తరవాత ఆయన బతికింది నెల్లాళ్ళే. పడవను మళ్ళీ నీటిలో వెయ్యలేదు.

కాలవలో పడవ వదిలిన మర్నాడే డయాలసిస్. పొద్దున్నే ఆటోలో అమలాపురం తీసుకెళ్ళాను. సూదులు గుచ్చి మిషను పెట్టాక, నన్ను కాసేపు లోపల కూర్చోనిచ్చారు. పక్క మంచం మీద ఒక రిటైరైన మాస్టారు ఉండేవారు. మా ఆయన అప్పటికే ఆయనకు కథంతా చెప్పేస్తున్నాడు.

"జానెడు లేచిందండి మాస్టారూ. రంగు మా ఆవిడే వేసింది."

"చెక్క పడవ అంత ఎత్తు లేస్తుందా అండి? మీరు మరీ చెప్తున్నారు" అని మాస్టారు నవ్వి నా వైపు తిరిగారు. "ఏమ్మా, నిజమేనా?"

మా ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"నిజమేనండి, లేచింది" అన్నాను. "నేను గట్టు మీదే ఉన్నాను."