మా బావ ఇంజను దక్షత

నేను మచిలీపట్నంలో ఉంటాను. పామర్రులో బస్సు మారి, గుడివాడ వెళ్ళే రోడ్డు మీదున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో థర్మోడైనమిక్స్ చెబుతాను. పదిహేనేళ్ళుగా ఉండడం, మారడం, చెప్పడం, ఈ మూడింటిలో దేనిలోనూ చెప్పుకోదగ్గ ప్రగతి లేదు.

నా పాఠాల్లో ఏటా ఒక పోలిక వస్తుంది. ఇంజను ఇంధనాన్ని తగలబెట్టి ముందు వేడి పుట్టిస్తుంది. ఆ వేడిలో కొంత పనిగా మారుతుంది, మిగతాది బయటికి పారబోస్తుంది. ఫ్యూయల్ సెల్ దేన్నీ తగలబెట్టదు. హైడ్రోజన్‌నీ ఆక్సిజన్‌నీ కలిపి నేరుగా కరెంటు తీస్తుంది కాబట్టి, ఇంజనుకున్న హద్దు దానికి లేదు. దాని హద్దు వేరే. ఇది చెప్పేటప్పుడు ల్యాబులోని నమూనా సెల్లు తెచ్చి చూపిస్తాను. అది అరచేతంత ఫ్యాను తిప్పుతుంది. ఆ గాలి మొదటి బెంచీ దాకా వచ్చిన దాఖలా కూడా లేదు.

ఒక ఆదివారం దివిసీమలో అక్కావాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. బావకు అవనిగడ్డ అవతల ఒక రొయ్యల చెరువుంది. కరెంటు పోతే నీళ్ళను చిలికే ఏరియేటర్లు ఆగిపోకుండా గట్టు మీద డీజిలు ఇంజను పెట్టుకున్నాడు. పక్క బోదె కాలవలోంచి చల్లటి నీళ్ళు ఒక కుళాయి గుండా ఇంజనులోకి వెళ్ళి, రెండో పైపులోంచి వేడిగా బయటపడతాయి. ఇంజను నడిచినప్పుడల్లా అక్క ఆ పైపు కింద బకెట్ పెట్టి బట్టలు నానబెడుతుంది.

"ఏరా మాస్టారూ, ఈ మధ్య ఏం చెప్తన్నావ్ పిల్లకాయలకి?" అన్నాడు బావ, విస్తట్లో చెయ్యి పెడుతూ.

ఎవరూ అడగని ప్రశ్న ఎవరైనా అడిగితే మనిషి బలహీనపడతాడు. మొత్తం చెప్పాను.

"అయితే మా ఇంజను సంగతేంటి?"

"పోసిన డీజిలులో మూడో వంతు పనికొస్తే గొప్పే బావా. మిగతా వేడంతా పొగలో, నీళ్ళలో పోతుంది."

బావ చెయ్యి ఆగింది. ఇంజనంటే ఆయనకు ఇంట్లో మనిషి లెక్క.

"పోవడమేంట్రా? నా బట్టలు తెల్లగా వచ్చేది ఆ నీళ్ళతోనే," అంది అక్క.

నిజానికి ఆ ఇంజను దక్షత పెంచినది ప్రపంచం మొత్తంలో మా అక్క ఒక్కతే. క్లాసులో అయితే నేను తరువాతి వాక్యం కూడా చెప్పేవాణ్ణి. ఆ వేడి బయటికి పోవడం ఇంజను తప్పు కాదు, అది పోతేనే ఇంజను నడుస్తుంది అని. కానీ అప్పుడే అక్క చేపల పులుసు వడ్డించింది. నేను పులుసు వైపు తిరిగాను.

మూడు వారాల తరవాత, క్లాసులో సెల్లు బల్ల మీద పెట్టి బోర్డు మీద ఇంజనుకొకటి, సెల్లుకొకటి రెండు నిలువు వరసలు గీస్తుండగా అక్క ఫోన్ చేసింది. క్లాసులో ఉంటానని తెలుసు కాబట్టి మామూలుగా చెయ్యదు.

"ఒరేయ్, పొద్దుటినించీ మబ్బు. కరెంటు లేదు. ఇంజను గంటన్నర నడిచి, పట్టేసి ఆగిపోయింది. రొయ్యలు తేలుతున్నాయి రా."

మబ్బు రోజున, గాలి కూడా లేకపోతే చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. రొయ్యలు ఊపిరికోసం పైకి వస్తాయి. అప్పటికి పంట ఇంకో పది రోజుల్లో పట్టాల్సింది.

"ఎందుకు పట్టేసింది?"

"మీ బావ నీళ్ళ కుళాయి సగం పైన కట్టేశారంట. వేడి వృథాగా పోకూడదని. నువ్వు చెప్పావుగా అంటన్నారు."

మూడు వారాలుగా కట్టేసే ఉంచాడట. రోజూ పది నిమిషాలు నడిపి చూసుకుంటే ఏమీ కాలేదు. పైగా ఇంజను తేలిగ్గా నడుస్తోందనిపించిందట. పదిహేనేళ్ళలో నా పాఠం విని ఒక మనిషి ఏదైనా చేశాడంటే, అది ఇదే.

"బావకివ్వు." ఇచ్చింది. "బావా, దాని మీద నీళ్ళు పోశావా?"

"పోద్దామని బిందె ఎత్తానురా."

"దించెయ్. వేడి మీద చన్నీళ్ళు పడితే హెడ్డు పగులుద్ది. దానంతటదే చల్లారనీ. చేత్తో తిరిగిందాకా స్టార్ట్ చెయ్యొద్దు."

"అప్పటిదాకా ఇయ్యి ఆగుతాయంట్రా?"

ఆక్సిజన్ బిళ్ళలు ఉన్నన్ని చల్లమన్నాను. పక్క చెరువువాళ్ళ ఇంజను అడగమన్నాను. క్లాసు మధ్యలో వదిలేసి బస్సెక్కాను. పామర్రులో దిగి అవనిగడ్డ బస్సు కోసం నిలబడ్డ ఇరవై నిమిషాల్లో మబ్బు కాస్త కూడా కదల్లేదు. బల్ల మీద ఆ ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంటుందని గుర్తొచ్చింది. బ్రహ్మాండమైన దక్షతతో.

పులిగడ్డ వంతెన దాటాక అక్క మళ్ళీ ఫోన్ చేసింది. ఇంజను చేత్తో తిరిగింది, స్టార్టయింది. నేను వెళ్ళేసరికి ఏరియేటర్లు నురగ లేపుతున్నాయి. గట్టువారన చచ్చిన రొయ్యలు తెల్లగా ఒక చారలా తేలి ఉన్నాయి. బావ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వాటిని వలతో తీస్తున్నాడు. మిగిలినవి బతికాయి. కానీ బెదిరిన చెరువును ఇంకో పది రోజులు నమ్మలేక, మర్నాడే పట్టించేయాలని తేల్చుకున్నాడు.

నేను ప్యాంటు మడిచి దిగాను. చాలాసేపు ఇద్దరం వంగి వాటిని ఏరాం. నాకు నడుం నొప్పి, ఆయనకు అంతకన్నా పెద్దది.

"తప్పు నాది బావా. సగమే చెప్పాను," అన్నాను చివరికి.

"నువ్వు సగం చెప్పావు, నేను సగం కట్టాను. సరిపోయింది." వల దులిపాడు. "మరి ఆ సెల్లుకి కుళాయి ఉండదుగా?"

"దానికీ వేడి పుడుద్ది. పెద్దదైతే దాన్నీ చల్లబరచాల్సిందే."

"అయితే దానికీ మీ అక్క కావాలి."

అక్క నవ్వలేదు. పైపు కింద బకెట్ నిండి పొర్లుతోంది. అయినా ఆవిడ బట్టలు తేలేదు.

బయల్దేరేటప్పుడు బావ నా చేతిలో ఏదో పెట్టాడు. కుళాయి పూర్తిగా తిప్పి తెరిచి, దాని పిడి ఊడదీశాడు.

"ఇది నీ దగ్గరుంచు. ఈసారి నువ్వొచ్చి ఏం చెప్పినా, కట్టడానికి నా దగ్గర ఏం ఉండకూడదు."

మర్నాడు పామర్రులో బస్సు మారేటప్పుడు అది జేబులో తొడకు గుచ్చుకుంది. క్లాసులో బోర్డు మీద ఆ రెండు వరసలు చెరపకుండా అలాగే ఉన్నాయి. ఇంజను వరస కింద, ఆ రోజు పులుసు దగ్గర వదిలేసిన వాక్యం రాశాను. పిడిని బల్ల మీద ఫ్యాను పక్కన పెట్టాను. అదేమిటని ఎవరూ అడగలేదు. అడగకపోయినా, ఈసారి పూర్తిగా చెప్పాను.