పాస్టరు గారు, ప్రెస్సాయన, మా మాస్టారు

పోయిన మంగళవారం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో సరుకులు కొనుక్కుని కారెక్కబోతూ ఫోన్ చూసుకుంటే, మా హిస్టరీ మాస్టారి భార్య పంపిన ఈమెయిల్ ఉంది. రెండే వాక్యాలు. ఆదివారం పొద్దున పోయారట, పెద్దగా బాధపడలేదట. కారులో కూర్చుని కాసేపు ఏడ్చాను. ఎండకి పాలు పాడవుతాయని గుర్తొచ్చి ఇంటికి వచ్చేశాను.

ఆయన అమెరికన్. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో చరిత్ర చెప్పేవారు. క్లాసులో పిల్లలంతా పేరు పెట్టి పిలిచేవారు. నాకు నోరు రాక చివరిదాకా ‘సర్’ అనే అన్నాను. మొదట్లో వద్దన్నారు, తర్వాత విసిగి ఊరుకున్నారు. అప్పట్లో నాది హెచ్-4 వీసా. ఉద్యోగం చేయకూడదు, చదువుకోవచ్చు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక కాలేజీలో చేరాను. మంచి మార్కులొస్తే యూనివర్సిటీకి మారి టీచర్ని కావాలని ఆశ.

ఆయన పది నిమిషాల ముందే క్లాసుకు వచ్చేవారు. అంతకుముందు క్లాసులో లెక్కల టీచరు బోర్డు మీద వదిలేసిన లెక్కని తుడిచే ముందు, నిలబడి ఒకసారి మొత్తం చదివేవారు. “అర్థం కాదు. కానీ ఎవరో కష్టపడి రాశారు కదా” అనేవారు.

ఆ సెమిస్టర్‌లో మాకిచ్చిన వ్యాసం, అమెరికాకి స్వాతంత్ర్యం రాకముందు ఇక్కడ బతికిన ఇద్దరి గురించి. ఒకాయన పాస్టరు. మనిషి తన మనసును తాను కడుక్కోలేడు, దేవుడే మార్చాలి, ఆ మార్పు లేకుండా చేసిన మంచి పైపై పూతే అని ఆయన నమ్మకం. రెండో ఆయన అచ్చు ప్రెస్సు నడిపినవాడు. పక్కవాడికి మేలు చేయడమే పూజ, మంచితనం రోజూ సాధన చేస్తే వస్తుంది అంటాడు. నీతికీ మతానికీ ఉన్న సంబంధం గురించి ఇద్దరినీ పోల్చి నాలుగు పేజీలు రాయాలి.

రాశాను. వారం తర్వాత మాస్టారు తన గదికి రమ్మన్నారు. బల్ల మీద ఒక పక్క నా వ్యాసం, ఇంకో పక్క పాఠ్యపుస్తకం. రెండింట్లోనూ అవే వాక్యాలు, కామాలతో సహా.

“కాపీ చేశావు” అన్నారు.

“లేదు సర్. పుస్తకం తెరవనే లేదు. నాకు కంఠస్థం వచ్చు.”

ఆయన నమ్మలేదు. నాకు పౌరుషం వచ్చింది. కళ్లు మూసుకుని మొదటి మాట నుంచి గడగడా ఒప్పజెప్పాను. ఆయన పుస్తకంలో చూస్తూ విన్నారు. పేజీ తిప్పిన చప్పుడు కూడా వినపడింది.

“సరే, నువ్వు అబద్ధం చెప్పలేదు. కానీ ఈ నాలుగు పేజీల్లో నువ్వెక్కడున్నావు?”

కాలేజీ రూలు ప్రకారం ఆయన డీన్‌కి రిపోర్టు రాయాలి. రాస్తే అది నా రికార్డులో పడుతుంది, యూనివర్సిటీ సీటు అక్కడితో సరి. బతిమాలాను. ఆయన నా ఎదురుగానే ఫారం నింపి చదివి వినిపించారు. చివర్లో ఇలా ఉంది: “ఇక్కడ దేన్ని కాపీ అంటారో ఈమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది నేను. చెప్పలేదు.”

ఇంటికొచ్చి చెబితే మా ఆయన తెల్లబోయారు. “పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే తప్పేంటి? మనమంతా అలాగేగా పాసయింది! ఆయనకి నీ మీద ఏదో కోపం.”

“కోపం కాదండీ. తప్పు సగం తనదని రాసుకున్నారు” అన్నాను. అన్నానే గానీ, నాకూ ఆ పూట ఆయన మీద ఒళ్లు మండుతూనే ఉంది.

ఆ చివరి వాక్యాల వల్లే కావచ్చు, డీన్ మళ్లీ రాయనిచ్చారు. మాస్టారు నన్ను కూర్చోబెట్టి పుస్తకం మూసేశారు.

“నీ పక్కింట్లో ఎవరుండాలి, ఇద్దరిలో?”

“ప్రెస్సాయనే సర్. కారు స్టార్ట్ కాకపోతే వస్తాడు.”

నవ్వారు. “మరి పాస్టరు?”

“నేను చేసినదానికి అందరూ మెచ్చుకున్నా, అది ఎందుకు చేశావని అడిగేది ఆయనొక్కడే.”

“అది రాయి” అన్నారు.

బి గ్రేడు ఇచ్చారు. అంత తక్కువ మార్కు నాకెప్పుడూ రాలేదు. ఇప్పుడు ఫ్రీమాంట్‌కి దగ్గర్లోనే ఉన్న డబ్లిన్ ఊళ్లో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతున్నానంటే ఆ బి చలవే. ఏడాదికోసారి వెళ్లి కలిసేదాన్ని. మీరు ఎవరి పక్షమని అడిగితే, “వారంలో ఆరు రోజులు ప్రెస్సాయన పక్షం. ఆదివారం సంగతి చెప్పను” అనేవారు.

ఆఖరిసారి చూసింది మూడు వారాల కిందట, మధ్యాహ్నం, వాళ్లింట్లోనే. ఇక లాభం లేదని మందులాపేసి మంచం హాల్లోకి తెచ్చారు. చిక్కిపోయారు. ఉన్నట్టుండి, “మీ భాషలో నాకోసం ఒక ప్రార్థన చెబుతావా?” అన్నారు. అన్నేళ్లలో దేవుడి మాట ఆయన తనకోసం ఎత్తడం అదే మొదలు.

“సొంత మాటల్లో ప్రార్థన నాకు రాదు సర్.”

“కంఠస్థం వచ్చిందే చెప్పు. ఇవాళ రిపోర్టు రాయనులే.”

అమ్మ నేర్పిన శ్లోకాలు ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఏడుపు తన్నుకొస్తోంది. చివరికి నోటికొచ్చింది పదమూడో ఎక్కం. పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్లు ఇరవయ్యారు, పదమూడు మూళ్లు ముప్ఫయి తొమ్మిది. చిన్నప్పుడు బళ్లో పాడినట్టే రాగం తీస్తూ చెప్పాను. ఆయన కళ్లు మూసుకున్నారు. దుప్పటి మీద చూపుడువేలు నెమ్మదిగా తాళం వేస్తోంది. ఇది ప్రార్థన కాదని చెప్పేయాలనుకున్నాను. ఆయన దగ్గర నేనెప్పుడూ అబద్ధమాడలేదు. చెప్పలేకపోయాను.

పదమూడు పదులు నూటముప్ఫయితో ఎక్కం అయిపోయింది. ఆయన వేలు మాత్రం తర్వాతి వరుస కోసం గాల్లోనే ఆగి ఉంది. పద్నాలుగో ఎక్కం ఎత్తుకున్నాను.