హోరులో చెప్పిన మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ మాటా ఒక్క ఊపున పూర్తయ్యేది కాదు. రాయగడలో రైలు పట్టాల పక్కనే మా క్వార్టరు. నాన్న పట్టాల మీద గ్యాంగు పని చేసేవాడు. గూడ్సు వచ్చిందంటే గోడలు అదిరేవి, మనుషులు సగం మాట దగ్గర నోరు మూసుకునేవారు. బండి పోయాక ఎవరి మాట వారు ఆపిన చోటినుంచే అందుకునేవారు. ఎదుటివాళ్ళు ఏమంటూ ఆగారో ఎవరికీ పట్టేది కాదు.

ఒక ఏడు నన్ను బడి మాన్పించి, బోరిగుమ్మలో మా మేనత్త పిల్లాణ్ణి ఆడించడానికి పంపాలనుకున్నారు. వెళ్ళనని నాన్నతో ఎన్నోసార్లు అన్నాను. "ఇన్నాన్లే, ఎల్లి ఆడుకో" అనేవాడు.

పక్కింటి అక్క కాలేజీలో చదివేది, సాయంత్రాలు నాకు ఇంగ్లీషు మాటలు నేర్పేది. హియర్ అన్నా లిజన్ అన్నా మనకు వినడమే కదా, తేడా ఏమిటని ఒకరోజు అడిగాను.

"హియరంటే సెవిన పడ్డం. లిజనంటే సెవి ఒగ్గడం. మీ నాన్న మొదటిదే సేస్తన్నాడమ్మీ" అని నవ్వింది. నవ్వి, నా చెవిలో ఒక ఉపాయం చెప్పింది.

మర్నాడు నాన్న అరుగు మీద టీ తాగుతుండగా గూడ్సు వచ్చింది. అలవాటుగా అందరూ ఆగారు. అక్క చెప్పినట్టు నేను ఆగలేదు. నాన్న ఎదుట నిలబడి, బోరిగుమ్మ వెళ్ళను, బడి మానను అని ఆ హోరులోనే చెబుతూ పోయాను. నా గొంతు నాకే వినపడలేదు. నాన్న గ్లాసు కింద పెట్టి నా పెదాలకేసి చూస్తూ ఉండిపోయాడు.

బండి పోయింది. "గూడ్సుతో పోటీ ఏటే నీకు, పిచ్చి మొకమా!" అని అమ్మ కసిరింది. నాన్న చెయ్యెత్తి ఆమెను ఆపాడు.

"ఏటమ్మీ, ఏటన్నావు? మళ్ళీ సెప్పు."

ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ అంతా చెప్పాను. అయ్యేదాకా ఆయన ఒక్క మాటకీ అడ్డు రాలేదు. గ్లాసు తీసుకుని లేస్తూ, "మీ అత్తకి నాను సెప్పుకుంటాన్లే" అన్నాడు.

నా చదువు ఆపైన ఎంతో దూరం సాగలేదు. అమ్మ మంచాన పడింది, ఇల్లు నా మీద పడింది. నేర్చిన ఇంగ్లీషు ఎటో పోయింది గానీ ఆ రెండు మాటలు పోలేదు. ఒక్క ముక్క చెవిన పడకపోయినా నాన్న నన్ను విన్నది ఆ పూటే.

అప్పట్నుంచీ ఎవరి పెదాలు కదిలినా చేతిలో పని దించి దగ్గరకు పోతాను. మా ఆయనకు చివర్లో గొంతు పోయింది. ఏదో గొణుగుతున్నాడని చుట్టాలు లేచిపోయేవారు. నేను మంచం అంచున కూర్చునేదాన్ని. నీళ్ళు అనేవాడు, కిటికీ అనేవాడు. కాపురం చేసినన్నాళ్ళూ 'ఏమే' అనే పిలిచినవాడు, ఒక పూట మెల్లగా నా పేరన్నాడు.