తువ్వాలు కింద తిలక్ చెయ్యి

సూళగిరి దాటి కృష్ణగిరి దిక్కుగా పోతుంటే, హైవేకు కాస్త లోపలగా శుక్రవారం పూట పశువుల సంత జరుగుతుంది. అక్కడ ఎద్దుల జత కొనేవాడు ధర నోటితో చెప్పడు. చెప్పాడంటే, ఎవరో కొత్తగా వచ్చిన అమాయకుడని నవ్వుతారు. అమ్మేవాడి తరఫున దళారి వచ్చి కొనేవాడి కుడిచెయ్యి పట్టుకుంటాడు. రెండు చేతుల మీదా తువ్వాలు కప్పుతాడు. ఆ తువ్వాలు చాటున వేళ్ళతో బేరం నడుస్తుంది. వేలు మొత్తం పట్టుకుంటే ఒక లెక్క, సగం పట్టుకుంటే సగం లెక్క, అరచెయ్యి గట్టిగా పిండితే ఒప్పుకున్నట్టు. చుట్టూ జాతర లాగా జనం మూగినా, ధర ఎంతో ఆ రెండు చేతులకే తెలుసు.

చేతులు అంత గుట్టుగా ఉంటాయి కదా, నోళ్ళు మాత్రం ఊరంతా వినిపిస్తాయి.

“ఇది ఎద్దాప్పా? మేకకు ఎద్దు కొమ్ములు అతికించి తెచ్చినారా?”

“నీ కండ్లకు అట్లనే కనిపిస్తాది లే! పో, పొయ్యి మేకనే కొనుక్కో!”

ఇద్దరూ తిట్టుకుంటారు, తల బాదుకుంటారు, కాండ్రించి ఉమ్ముతారు. చూసేవాడికి ఇక కత్తులు తీయడమే తరువాయి అనిపిస్తుంది. అంతలో తువ్వాలు తొలగిపోతుంది, బేరం కుదిరిపోయి ఉంటుంది. ఆ తిట్లన్నీ వేషమే. చుట్టూ ఉన్నవాళ్ళు ముఖాలు చూసి ధర పసిగట్టకుండా వేసే వేషం.

ఈ సంత మూలలో టార్పాలిన్ కింద మంజులమ్మ టీ అంగడి. పక్కనే లక్ష్మక్క పలుపుతాళ్ళు, గంటలు, ముకుతాళ్ళు అమ్ముతుంది. ఇద్దరికీ క్షణం పడదు, ఒకరు రాకపోతే ఇంకొకరికి తోచదు. మంజులమ్మ పెంచినవాడే తిలక్. ఆమె అక్క కొడుకు. పుట్టుచెవుడు, అందుకే మాటా రాలేదు. అక్కాబావలు బెంగళూరుకు కట్టడం పనికి పోతూ, “కొన్నాళ్ళు పెట్టుకోవే” అని వదిలిపోయారు. ఆ కొన్నాళ్ళకు ఇప్పుడు మీసాలు వచ్చాయి. వాళ్ళు ఫోను చేయకపోలేదు. చెవులు లేని పిల్లవాడికి ఫోను చేసి ఏం లాభం? మాట్లాడేది మంజులమ్మే, కళ్ళు తుడుచుకునేదీ మంజులమ్మే.

బడిలో వాణ్ణి వెనక వరసలో కూర్చోబెట్టారు. కూర్చున్నాడు, కొంతకాలానికి లేచి వచ్చేశాడు. వాడికి ఎదుటి మనిషి ముఖమే చదువు. కనుబొమ్మ కదిలితే కోపమా, ఎగతాళా, జాలా అని పట్టేసేవాడు. చిక్కు కూడా అక్కడే వచ్చింది. సిమెంటు హాలోబ్లాకుల యార్డులో పనికి పెడితే, వెనక ఎవడో మూగోడని వెక్కిరించేవాడు. వీడు తిరిగి చూసేసరికి ఆ నవ్వు ఇంకా పెదాల మీద ఆరకుండా ఉండేది. వెంటనే పిడికిలి లేచేది. ఎద్దుల పండగల్లో తాగి తిరిగే కుర్రాళ్ళు వాణ్ణి చేరదీశారు. చేరదీసింది ప్రేమతో కాదు. కొట్లాట వస్తే ముందుకు తోయడానికి ఒకడు కావాలి కదా! ఒకసారి స్టేషను దాకా పోయాడు. విడిపించుకొచ్చిన రోజు మంజులమ్మ వాణ్ణి ఒక్క మాట అనలేదు. అన్నా వాడికి వినపడదు గదా అని, రోడ్డు మీద కానుగ కొమ్మ విరిచి ఇంటి దాకా బాదుకుంటూ వచ్చింది.

ఆ తర్వాత అంగడిలో గ్లాసులు కడగడానికి పెట్టుకుంది, కళ్ళ ముందు ఉంటాడని.

అక్కడ వాణ్ణి చూసినవాడు జయరామప్ప. సంతలో పాత దళారి. మోకాళ్ళు అరిగిపోయి, బెంచీ మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావాలి. ఒకరోజు ఎవరితోనో మాట్లాడుతూనే, వీపు వెనక మూడు వేళ్ళు చూపించి, నాలుగో వేలు సగానికి మడిచాడు. ఊరికే చేతి తీట. తిలక్ మూడు టీలు, ఒక సగం టీ తెచ్చి పెట్టాడు. జయరామప్ప వాణ్ణి ఎగాదిగా చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి వాడి చెయ్యి మీద కప్పి, వేళ్ళు పట్టుకున్నాడు. వాడూ పట్టుకున్నాడు. కాసేపు అట్లా ఏదో నడిచింది.

“ఏమ్మా మంజులమ్మా, వీనికి ఈ భాష ఎవురు నేర్పించినారు?”

“ఎవురు నేర్పిస్తారన్నా? వాడు పుట్టినప్పటి నుంచీ చేతుల్తోనే కదా బతికేది.”

“నాకియ్యి వీణ్ణి. మావోళ్ళు బేరం ముగిసేలోగా సగం సంతకు ధర చెప్పేస్తా ఉండారు, తాగితే మిగతా సగానికి. వీని కడుపులో మాట పడితే బ్యాంకు లాకర్లో పడినట్టే.”

“ఇస్తాను గానీ, వాని చెయ్యి మంచిది కాదన్నా. ఊరికే లేస్తాది.”

“ఎద్దులు పొడవవా ఏమి? పట్టుకుంటా లే.”

అట్లా తిలక్ పలుపు పట్టుకుని జయరామప్ప వెంట తిరిగాడు. కోడె పళ్ళు చూడటం, నడక చూడటం, సుడులు చూడటం నేర్చుకున్నాడు. తాగే స్నేహితులు రెండు మూడు వారాలు సంత బయట కాచుకున్నారు, తర్వాత విసుగొచ్చి పోయారు. జయరామప్పకు ధైర్యం వచ్చింది. ఒక శుక్రవారం హళ్ళికారు జాతి ఎద్దుల జత ఒకటి అమ్మకానికి వస్తే, తువ్వాలు తిలక్ భుజాన వేశాడు.

కొనేవాడు కుమారేశన్. కల్లావి తమిళాయన, ఎద్దుల మీద పిచ్చి, వేషం వేయడంలో ఆ సంతకే రాజు. చెయ్యి తువ్వాలు కిందకు పోయిందో లేదో, ముఖమంతా వేపాకు నమిలినట్టు పెట్టాడు. తిలక్‌కు మొదటి ధర అందింది, వాడు తిరిగి చెప్పాడు. కుమారేశన్ నుదురు కొట్టుకున్నాడు. ఎద్దు వైపు చూసి కాండ్రించి ఉమ్మాడు. తిలక్ ముఖానికి దగ్గరగా వేలు ఆడించి, చుట్టూ ఉన్నవాళ్ళను చూసి వికటంగా నవ్వాడు. జనమూ నవ్వారు.

అంతే. తువ్వాలు ఎగిరిపోయింది. కుమారేశన్ పేడలో పడ్డాడు.

ఆ గోల ఇప్పటికీ చెప్పుకుంటారు. విడదీయడానికి ఎంతమందో వచ్చారు. జయరామప్పకు చిన్నవాళ్ళ చేత కూడా చీవాట్లు తప్పలేదు. సంత పెద్దలు కూర్చుని, వీడు ఇక సంతలో కాలు పెట్టకూడదన్నారు. లక్ష్మక్క పలుపులు చుట్టుకుంటూ ఊరుకుంటుందా!

“ఎద్దులకైతే ముకుతాడు నా దగ్గర దొరుకుతాది మంజులా. నీ కొడుకు సైజుకు లేదే తల్లీ!”

మంజులమ్మ సంత ముగియకముందే అంగడి కట్టేసింది. అదే మొదటిసారి.

ఇంటికి పోయాక వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వద్దన్నాడు. మంజులమ్మకు కోపం కంటే భయం ఎక్కువైంది. సంత పోతే వీడికి మిగిలేది ఆ తాగుబోతులే. మర్నాడు సాయంత్రం వాణ్ణి లేపి కూర్చోబెట్టి, ఏం జరిగిందో చెయ్యి పట్టి చూపించమంది. వాడు చూపించాడు. కుమారేశన్ వేళ్ళు ఏమన్నాయో వరసగా ఆమె చేతిలో పెట్టాడు. మంజులమ్మ ఇన్నేళ్ళు సంతలో ఊరికే టీ కాచలేదు, ఆ లెక్క ఆమెకూ తెలుసు. ఒక్కో వేలికీ ధర పెరుగుతూ వచ్చింది. కాండ్రించి ఉమ్మినప్పుడు పెరిగింది, వికటంగా నవ్వినప్పుడు ఇంకా పెరిగింది. ఇంకొక్క పట్టు పట్టి ఉంటే బేరం కుదిరేదే!

“అయ్యో నా తండ్రీ!” అని ఆమె నెత్తిన చెయ్యి పెట్టుకుంది. వీడు ముఖాన్ని నమ్మాడు. పుట్టినప్పటి నుంచీ నమ్మింది దాన్నే. చెవులున్నవాళ్ళకు అది వేషమని గొంతులోనే తెలిసిపోతుంది. వీడికి ఎవరు చెప్పారు?

పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది. మంజులమ్మ చేతిగుడ్డ తీసి వాడి చెయ్యి మీద కప్పింది. కళ్ళు పెద్దవి చేసి, పళ్ళు కొరికి, వాణ్ణి చంపేసేలా చూసింది. గుడ్డ కింద మాత్రం ఒక వేలు పట్టుకుంది: సంగటి ముద్ద ఒకటి పెట్టనా? వాడు బెదిరి చెయ్యి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. ఇంకా ఘోరంగా ముఖం పెట్టి, థూ అని ఉమ్మి, రెండు వేళ్ళు పట్టుకుంది. వాడు ఆమె ముఖం చూశాడు, చెయ్యి వైపు చూశాడు, మళ్ళీ ముఖం చూశాడు. కాసేపటికి వాడి భుజాలు కదిలాయి. నవ్వు. వాడు ఆమె మూడో వేలు మొత్తం పట్టుకుని పిండాడు.

“మూడు ముద్దలా! నిన్నటిదీ కలిపి తింటావేమిరా!”

ఆ వారమంతా ఆ ఇంట్లో తిట్టుకోవడమే పని. ఎదురింటివాళ్ళు పిన్నీకొడుకులకు పిచ్చి పట్టిందనుకున్నారు.

అవతల జయరామప్ప ఆ మోకాళ్ళతోనే బస్సెక్కి కల్లావి పోయాడు. కుమారేశన్ దవడ వాపు తగ్గింది, కోపం తగ్గలేదు. మంజులమ్మ తనకు చెప్పిందంతా జయరామప్ప ఉన్నదున్నట్టు చెప్పాడు. “నువ్వు అంత బాగా నటిస్తివి కుమారేశా. పిల్లోడు నిజమనుకున్నాడు.” ఆ మాటకు కుమారేశన్ మీసం కాస్త లేచింది. పొగడ్త ఎవడికి చేదు?

“సరే జయరామా. ఈ శుక్రవారం నానే వస్తాను. రాయకోట శేషప్ప జత పైన కన్నుంది నాకు. ఆ పయ్యనే, ఆ పిల్లోడే చెయ్యి పట్టాల. బేరం అయ్యేదాకా వదలకుండా పట్టినాడంటే పెద్దోళ్ళకు నానే చెప్తా. లాగినాడా, మళ్ళీ సంత మొకం చూడకూడదు.”

ఈ ఒక్క బేరానికి పెద్దలను ఒప్పించి జయరామప్ప తిలక్‌ను సంతకు తెచ్చాడు. శుక్రవారం జనం మామూలుకంటే ఎక్కువే వచ్చారు. ఎద్దుల కోసం ఎంతమందో, దెబ్బలాట చూడ్డానికి ఎంతమందో. కొందరు ఫోన్లు కూడా ఎత్తి పెట్టుకున్నారు. మంజులమ్మ పాలు పొయ్యి మీద పెట్టింది గానీ చూపంతా అక్కడే. శేషప్ప పలుపు పట్టుకుని నిలబడ్డాడు. తువ్వాలు కప్పారు.

కుమారేశన్ ఆ రోజు వేసిన వేషం ముందు వీధినాటకం చాలదు. దవడ తడుముకున్నాడు. ఎద్దు తోక ఎత్తి చూసి ముక్కు మూసుకున్నాడు. తిలక్ నోటి దగ్గర చేతివేళ్ళు ఆడించి, మాట రాదు వీడికి అని అందరికీ చూపించాడు. జనం నవ్వారు. అది వేషమో, వేషంలో కలిపేసిన నిజమో మంజులమ్మకే తెలియలేదు. తిలక్ మెడ నరాలు ఉబ్బాయి.

“పట్టుకోరా... పట్టుకోరా నాయనా,” అంటూ ఉంది ఆమె, వాడికి వినపడుతున్నట్టే.

ఉన్నట్టుండి తిలక్ ముఖం మారింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి, పళ్ళు కొరికాడు. కాలితో నేలను ఒక్క తన్ను తన్నాడు, దుమ్ము లేచింది. ఎడమచేతి పిడికిలి గాల్లోకి లేచింది. జనం వెనక్కి జరిగారు. మంజులమ్మ టీ గరిటె పట్టుకునే పరుగెత్తింది.

“వద్దురా తిలకా! వద్దు!”

జయరామప్ప కర్ర అడ్డం పెట్టాడు. “నిలబడమ్మా. కిందికి చూడు, కిందికి!”

చూసింది. పిడికిలి గాల్లో ఊగుతూనే ఉంది. తువ్వాలు మాత్రం కదల్లేదు. దాని కింద వేళ్ళు మెల్లగా, తొందర లేకుండా, కూలి లేని వేళ ఆడవాళ్ళు పేలు చూసుకున్నంత నెమ్మదిగా ఆడుతున్నాయి. తిలక్ ఇంకోసారి నేల తన్ని, కుమారేశన్ వైపు చూసి థూ అని ఉమ్మాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో మంజులమ్మకు బాగా తెలుసు, సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కుమారేశన్ బిగబట్టుకోవాలని చూశాడు. పెదవి వణికింది, మీసం వణికింది, చివరికి ఆపుకోలేక పగలబడి నవ్వాడు. ఆ నవ్వులోనే తువ్వాలు కింద చెయ్యి గట్టిగా పిండాడు. తువ్వాలు తీసేశారు. శేషప్ప పలుపు వదిలాడు.

“ఎంతకప్పా కుదిరింది?” అని ఎవడో అడిగాడు.

“వాణ్ణే అడుగు,” అన్నాడు కుమారేశన్, తిలక్‌ను చూపించి. ఈసారి నవ్వినవాళ్ళందరినీ తిలక్ చూశాడు, చూసి తనూ నవ్వాడు. కుమారేశన్ సంత పెద్దల వైపు తిరిగి, “ఇంక మీదట నా బేరమంతా ఈ పయ్యనే,” అనేశాడు. పెద్దలు తల ఊపి తమ మాట వెనక్కి తీసుకున్నారు.

ఇప్పుడు శుక్రవారం తిలక్ తువ్వాలు ఖాళీగా ఉండదు. ధర పొక్కకూడదనుకునేవాళ్ళు వాణ్ణే వెతుక్కుంటూ వస్తారు. వెనకటి స్నేహితుల్లో ఒకడు ఇప్పుడు వాడి దగ్గర పలుపు పట్టుకుంటున్నాడు. అక్క బెంగళూరు నుంచి వీడియో కాల్ చేస్తుంది, తల్లీకొడుకులు చేతులతో మాట్లాడుకుంటారు, మంజులమ్మకు కళ్ళు తుడుచుకునే పని తగ్గింది.

ఆ రోజు మాత్రం బేరం కుదిరిన సంతోషంలో కుమారేశన్ అందరికీ టీ చెప్పాడు. మంజులమ్మ గరిటెతో పరుగున తిరిగొచ్చి చూస్తే, పాలన్నీ పొంగిపోయి, పొయ్యి ఆరిపోయి ఉంది. లక్ష్మక్క పలుపుల కుప్ప మీద కూర్చుని అంతా చూస్తూనే ఉంది.

“పొంగుతా ఉంటే దించకూడదా అక్కా?”

“యాడ దించేది? నేనూ వాణ్ణే చూస్తా ఉంటిని!”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత లక్ష్మక్క లేచి, పాలు తేవడానికి తనే సూళగిరి పోయే టెంపో ఎక్కింది.